పార్కుకు దగ్గర, బడికి దగ్గర: ‘దగ్గర’ అంటే ఎంత?

పిల్లలు పెరగడానికి అనువైన కాలనీకి శాస్త్రం చెబుతున్న కొలతలు

ఊరి శివార్లలో ఇళ్ల స్థలాలు అమ్మే బోర్డుల మీద రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి ‘బడికి దగ్గర’, రెండోది ‘పార్కుకు దగ్గర’. చిన్నపిల్లలున్న కుటుంబాలు ముందుగా చూసేవీ ఇవే. అయితే దగ్గర అంటే ఎంత? ఆ దారిలో నీడ ఉందా? ఎనిమిదేళ్ల పిల్ల పెద్దల చెయ్యి పట్టుకోకుండా ఆ రోడ్డు దాటగలదా? బడి గదిలో చివరి బెంచీకి టీచరు మాట వినిపిస్తుందా? వీటికి బోర్డు మీద జవాబు ఉండదు. గత అరవై ఏళ్లలో ప్రజారోగ్యం, రవాణా, మనస్తత్వ శాస్త్రం, పట్టణ ప్రణాళిక రంగాల పరిశోధకులు మాత్రం వీటికి కొలతలతో సహా జవాబులు వెతికారు.

ఆ కొలతలు ఇప్పుడే అవసరమైన ఊళ్లలో చకర్‌భాటా ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, హౌరా–నాగపూర్–ముంబై ప్రధాన రైలు మార్గం మీద ఉన్న చిన్న స్టేషను ఇది. బిలాస్‌పూర్ విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. 2021 మార్చి 1న ఇక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు భవనం పక్కనే ఉన్న బోద్రీలో ఉంది. రైలు, విమానం, జాతీయ రహదారి, హైకోర్టు ఒకేచోట చేరిన శివారు ప్రాంతం పల్లెగా మిగిలిపోదు. నిన్నటి పొలం నేడు ప్లాటవుతుంది, ప్లాటు వీధి అవుతుంది. ఆ వీధి ఎలా ఉండాలన్నది ఇళ్లు లేచాక కాదు, లేవకముందే తేలిపోతుంది.

రైల్వే కాలనీలో ఉన్న కిటుకు

బిలాస్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 20వ శతాబ్దం తొలినాళ్లలో కటక్ నుంచి ఉత్తరాంధ్ర వైపు వచ్చే తూర్పు తీర మార్గాన్ని కూడా తన చేతిలోకి తీసుకుంది. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి బయల్దేరిన కుటుంబాలు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమైంది.

ఆ కుటుంబాలు పెరిగిన రైల్వే కాలనీలకు ఒక పద్ధతి ఉండేది. వరుస క్వార్టర్లు, వాటి మధ్య వీధులు, నడిచి వెళ్లేంత దూరంలో బడి, ఆసుపత్రి, ఆట మైదానం, ఇన్‌స్టిట్యూట్. షిఫ్టు మారే వేళకు కార్మికుడు నడిచి గానీ సైకిలు మీద గానీ పనికి చేరాలి కాబట్టి అన్నీ దగ్గరదగ్గరగా కట్టారు. అధికారికి పెద్ద బంగళా, కింది ఉద్యోగికి ఇరుకు క్వార్టరు అన్న తేడా అందులో కొట్టొచ్చినట్టు ఉండేది. అయినా ఎవరి పిల్లలైనా బడికి నడిచే వెళ్లేవారు, సాయంత్రం ఆడుకోవడానికి మైదానం ఉండేది.

ఇదే ఆలోచనకు అమెరికా ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ 1929లో సిద్ధాంత రూపమిచ్చాడు. ఆయన లెక్కలో ఒక పేట అంటే మధ్యలో బడి, ఏ ఇంటి నుంచైనా అక్కడికి సుమారు 400 మీటర్ల నడక. మొత్తం నేలలో పదో వంతు ఆటస్థలాలకు, పార్కులకు. అన్నిటికంటే ముఖ్యమైనది, వేరే ఊళ్లకు పోయే వాహనాలు పేట అంచు నుంచే వెళ్లాలి, లోపలికి రాకూడదు. అంటే బడికి వెళ్లే పిల్ల పెద్ద రోడ్డు దాటే పనే పడకూడదు. నేటి శివారు లేఅవుట్లలో చాలావరకు తప్పిపోతున్నది ఇదే. ప్రతి లేఅవుటుకూ తన రోడ్లు ఉంటాయి, ఒక మూల పార్కు కూడా ఉంటుంది. కానీ ఒక లేఅవుటు నుంచి పక్కదానిలోని బడికి వెళ్లే కాలిబాట ఎవరి ప్లానులోనూ ఉండదు. పిల్లలు హైవే మీదకు వచ్చి, తిరిగి లోపలికి వెళ్లాలి.

మూడు వందల మీటర్లు

ఇంటి నుంచి 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం సూచిస్తోంది. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అడవుల పరిశోధకుడు సెసిల్ కొనైనెండైక్ 2021లో దీన్ని గుర్తుంచుకోవడానికి వీలుగా 3–30–300 అన్నాడు. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం నేలపై చెట్ల నీడ పరుచుకోవాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. మన విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన నమూనా నిబంధనలు 1 నుంచి 5వ తరగతి వరకు కిలోమీటరులోపు, 6 నుంచి 8 వరకు మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలన్నాయి.

300 మీటర్లే ఎందుకు? చిన్నపిల్ల సెకనుకు సుమారు మీటరు చొప్పున నడుస్తుందనుకుంటే అది ఐదు నిమిషాల దూరం. ‘అమ్మా, ఆడుకుని వస్తా’ అని చెప్పి వెళ్లగలిగే దూరం. కిలోమీటరు దాటితే ఎవరో ఒకరు బండి తీయాలి. అలా బండి మీద పార్కుకు వెళ్లడం ఆదివారం పని అవుతుంది తప్ప రోజూ జరగదు.

ఈ దూరం మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచేది కాదు, కాళ్లతో కొలిచేది. రైలు పట్టాలకు అటు బడి, ఇటు ఇల్లు ఉన్నప్పుడు మ్యాపులో 200 మీటర్లు కనబడే దూరం గేటు దాకో, వంతెన దాకో వెళ్లి రావడంతో కిలోమీటరు దాటవచ్చు. చుట్టు తిరగలేక పట్టాల మీదుగా అడ్డంగా దాటడం రైల్వే ఊళ్లలో పాత ప్రమాదమే. సరైన చోట కట్టిన ఒక పాదచారుల వంతెన గానీ, పట్టాల కింది దారి గానీ కొత్త బడి కట్టకుండానే బడిని దగ్గర చేస్తుంది.

నీడ లేని దూరం రెట్టింపు

బిలాస్‌పూర్ ప్రాంతంలో వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. అలాంటి రోజుల్లో బడి విడిచే వేళ 300 మీటర్లు కూడా దూరమే. మనిషికి తగిలే వేడిలో గాలి వేడి ఒక భాగం మాత్రమే. నెత్తిన పడే ఎండ, కాలిన తారు రోడ్డు నుంచి, గోడల నుంచి వచ్చే సెగ మిగతా భాగం. మండు వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటగలదు. పిల్లలు పెద్దలకంటే పొట్టిగా ఉంటారు కాబట్టి ఆ సెగకు మరింత దగ్గరగా నడుస్తారు. వారి శరీర బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, చెమట తక్కువ. చుట్టూ గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఈ రెండూ వారికి ప్రతికూలమే.

చెట్టు చేసే పని రెండు విధాలు. మొదటిది, ఎండను పైనే ఆపడం. గాలి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలే తగ్గినా, నీడలో ఒంటికి తెలిసే హాయి అంతకంటే ఎంతో ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. రెండోది, ఆకుల నుంచి నీటిని ఆవిరి చేయడం. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో చెబితే అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. నీరు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేసిందనుకుంటే, చుట్టూ ఉన్న గాలి నుంచి, ఆకుల నుంచి దాదాపు 67 యూనిట్ల వేడిని తీసుకున్నట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఆగకుండా 12 గంటలు పనిచేస్తే గదిలోంచి తీసే వేడి కూడా దాదాపు ఇంతే. తేడా ఏమిటంటే ఏసీ ఆ వేడిని వీధిలోకి వదులుతుంది, చెట్టు వదలదు. బయట గాలి కదులుతూ ఉంటుంది కాబట్టి చెట్టు కింద ఏసీ గదిలా చల్లబడదు. కానీ వరుసగా చెట్లున్న వీధికీ బోసి వీధికీ తేడా నడిచేవారికి వెంటనే తెలుస్తుంది.

మధ్యభారతంలో మరో విశేషం ఉంది. ఇక్కడి చాలా చెట్లు ఆకు రాల్చి, వానలు పడకముందే, ఎండలు ముదిరే వేళకే కొత్త చిగురు వేస్తాయి. వేప, కానుగ, రావి ఇందుకు ఉదాహరణలు. అంటే నీడ ఎప్పుడు కావాలో అప్పుడే ఇస్తాయి. వేళ్లు లోతున ఉన్న తడిని అందుకోవడం వల్లే ఇది సాధ్యం. అందుకే చెట్టు మొదలు దాకా సిమెంటు పోసి, టైల్సు పరిచే అలవాటు చెట్టుకు చేటు. వాన నీరు ఇంకే దారి మూసేస్తే చెట్టు నిలబడి ఉన్నా చల్లబరిచే శక్తి సన్నగిల్లుతుంది.

ముప్పైకీ యాభైకీ మధ్య

బడి దారిలో నీడ తర్వాత చూడాల్సింది వాహనాల వేగం. ఇది హైస్కూలు భౌతికశాస్త్రంతోనే తేలే లెక్క. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకు 8.3 మీటర్లు కదులుతుంది. ఎదురుగా పిల్ల కనబడ్డాక డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులో 8.3 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉంటే ఆగడానికి మరో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్ల పైచిలుకు. అదే 50 కిలోమీటర్ల వేగమైతే బ్రేకు మీద కాలు పడేలోపే 13.9 మీటర్లు దాటిపోతుంది, పూర్తిగా ఆగేసరికి దాదాపు 28 మీటర్లు.

బంతి వెంట పరుగెత్తిన పిల్ల 13.5 మీటర్ల దూరంలో రోడ్డు మీదకు వచ్చిందనుకుందాం. మొదటి కారు ఆమె ముందు ఆగుతుంది. రెండో కారు ఇంకా బ్రేకు కూడా పడకుండానే, అదే 50 కిలోమీటర్ల వేగంతో ఆమెను తాకుతుంది. గతిశక్తి వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ శక్తి 30 కిలోమీటర్ల దెబ్బకంటే 2.8 రెట్లు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన రహదారి భద్రత మంత్రుల సదస్సు, పాదచారులు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే వీధుల్లో గరిష్ఠ వేగం గంటకు 30 కిలోమీటర్లే ఉండాలని ప్రకటించడానికి కారణం ఇదే.

వేగం, రద్దీ మనుషుల మధ్య సంబంధాలను కూడా మారుస్తాయి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధులను పోల్చాడు. రోజుకు సుమారు 2,000 వాహనాలు వెళ్లే వీధిలో ఒక్కొక్కరికీ అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు ఉన్నారు. 16,000 వాహనాలు వెళ్లే వీధిలో ఆ సంఖ్య 0.9. రద్దీ వీధిలో జనం అరుగుల మీద కూర్చోవడం మానేశారు, పిల్లలు ఇంటి ముందు ఆడటం మానేశారు. చూసే కళ్లు తగ్గితే వీధి మరింత భయంగా మారుతుంది. ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990కి అది 9 శాతానికి పడిపోయిందని మేయర్ హిల్‌మన్ బృందం చూపింది. పిల్లల్ని కాపాడుకోవడానికి ప్రతి ఇల్లూ బండి తీస్తే, బడి గేటు ముందు బండ్లు పెరిగి, నడిచే పిల్లకు ముప్పు ఇంకా పెరుగుతుంది.

రైలు చప్పుడు, విమానం మోత

రైల్వే ఊరిలో పెరిగినవారు ‘రైలు కూత మాకు అలవాటే’ అంటారు. చెవికి అలవాటు కావడం వేరు, చదువు మీద ప్రభావం లేకపోవడం వేరు. ఈ తేడాను బయటపెట్టిన అధ్యయనం 1975లో న్యూయార్క్‌లో జరిగింది. ఎత్తైన పట్టాల మీద రైళ్లు నడిచే మార్గం పక్కనే ఒక బడి ఉండేది. సుమారు నాలుగున్నర నిమిషాలకొక రైలు పోయేది, పోయిన ప్రతిసారీ టీచరు మాట ఆపాల్సి వచ్చేది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్లిన్ బ్రాంజాఫ్ట్ పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలనూ, అదే బడిలో అవతలి వైపు ప్రశాంతమైన గదుల్లోని పిల్లలనూ పోల్చింది. ఆరో తరగతికి వచ్చేసరికి చప్పుడు వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చారు. 1981లో ఆమె మళ్లీ చూస్తే రెండు వైపుల పిల్లల మధ్య తేడా పోయింది.

విమానాల మోత గురించి జర్మనీలోని మ్యూనిక్ నగరం ఒక సహజ ప్రయోగంలా మారింది. 1992లో అక్కడి విమానాశ్రయం పాత చోటు నుంచి కొత్త చోటుకు మారింది. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల జ్ఞాపకశక్తి, చదివే సామర్థ్యం మెరుగుపడ్డాయి. కొత్తదాని దగ్గరి పిల్లల్లో అవే తగ్గాయి. చకర్‌భాటా విమానాశ్రయం మ్యూనిక్‌తో పోల్చదగినంత పెద్దది కాదు. కానీ ఊరి మీదుగా పోయే రైలు మార్గంలో బొగ్గు గూడ్సు బండ్లు రాత్రీ పగలూ నడుస్తాయి. బిలాస్‌పూర్ ప్రాంతం దేశ బొగ్గు రవాణాకు ఆయువుపట్టు. కాబట్టి కొత్త బడి ఎక్కడ కట్టాలన్నది తేల్చేటప్పుడు భూమి ధరతో పాటు శబ్దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పటికే పట్టాల పక్కన ఉన్న బడిలో తరగతి గదులను అవతలి వైపుకు, స్టోర్‌రూమును, వంటగదిని, మెట్లను పట్టాల వైపుకు మార్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

మైదానం చదువుకు అడ్డం కాదు

పరీక్షలు దగ్గరపడితే ముందు రద్దయ్యేది ఆటల పీరియడే. పరిశోధనలు చెప్పేది వేరు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 12 బడుల్లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఆరు బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడు పెట్టారు. మూడేళ్ల తర్వాత మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి వస్తే, ఈ బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. తరగతి గదిలో వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్ ఉంటే, బయట పగటి వెలుతురు పదివేల లక్స్ దాటుతుంది. ఆ వెలుతురుకు కంటి రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందన్నది ప్రస్తుతం బలంగా ఉన్న వివరణ. మండుటెండలో నిలబడనక్కర్లేదు. చెట్టు నీడలో కూడా గదిలోకంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

బార్సిలోనాలో 36 బడుల్లోని 2,593 మంది పిల్లలను ఏడాదిపాటు గమనించిన మరో అధ్యయనం కూడా 2015లోనే వచ్చింది. బడి ఆవరణలో, చుట్టుపక్కల పచ్చదనం ఎక్కువున్న పిల్లల్లో విన్నదాన్ని గుర్తుంచుకుని వాడుకునే శక్తి వేగంగా పెరిగింది. ఇది గమనించిన సంబంధమే తప్ప ప్రయోగంతో తేల్చిన కారణం కాదు. ఆ ప్రభావంలో 20 నుంచి 65 శాతం దాకా వాహనాల పొగ తక్కువగా ఉండటం వల్లే కావచ్చని పరిశోధకులే లెక్కగట్టారు. ఎలా చూసినా తేలేది ఒకటే. బడి చుట్టూ చెట్లు ఉండటం, బండ్లు తక్కువగా తిరగడం కలిసి ఉండాల్సినవి.

వీధిని కొలవడం ఇంట్లోవారికీ సాధ్యమే

ఇవన్నీ తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కాలనీ సంఘాలు, బడి యాజమాన్య కమిటీలు, హైస్కూలు సైన్సు క్లబ్బులు ఒక వారంలో చేయగల కొలతలు ఇవి.

దూరం: ఇంటి గుమ్మం నుంచి బడి గేటుకు, పార్కుకు పిల్లతో కలిసి నడిచి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకోవాలి. ఎన్ని రోడ్లు దాటాల్సి వచ్చిందో కూడా.

నీడ: మధ్యాహ్నం బడి విడిచే వేళ అదే దారిలో నీడలో వేసిన అడుగులు, ఎండలో వేసిన అడుగులు విడిగా లెక్కపెట్టాలి. నీడ సగంకంటే తక్కువ ఉంటే ఎక్కడ చెట్టు నాటాలో దారే చెబుతుంది.

వేగం: రోడ్డు పక్కన 50 మీటర్ల దూరం టేపుతో కొలిచి రెండు గుర్తులు పెట్టాలి. 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ దూరం దాటడానికి 6 సెకన్లు పడుతుంది. 4 సెకన్లలోపే దాటితే అది 45 దాటినట్టు.

శబ్దం: ఫోనులో శబ్దం కొలిచే యాప్ అంకెలు కచ్చితం కాకపోయినా, ఒకే ఫోనుతో రెండు గదులను పోల్చడానికి పనికొస్తాయి. అంతకంటే తేలిక, గంటలో ఎన్నిసార్లు టీచరు మాట ఆపాల్సి వచ్చిందో లెక్కపెట్టడం.

ఇలా రాసుకున్న ఒక పట్టిక చేతిలో ఉంటే నగర పంచాయతీని, రైల్వేని, బడిని అడిగే మాటకు బలం వస్తుంది. ‘మా కాలనీకి పార్కు కావాలి’ అనడం వేరు, ‘మా పిల్లల బడి దారిలో 600 అడుగులుంటే అందులో 520 ఎండలోనే’ అని చూపడం వేరు. రెండో మాటకు ఎక్కడ, ఏం చేయాలో కూడా అందులోనే ఉంటుంది.

కొత్తగా వెలుస్తున్న శివార్లకు ఉన్న అవకాశం పాత నగరాలకు లేదు. ఇక్కడ లేఅవుటు గీత ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి కాలిబాటను ముందే గీయవచ్చు, పాత వేపచెట్టును ప్లాటు మధ్యలో కాక వీధి మలుపులో ఉండేలా గీత జరపవచ్చు. ఇళ్లు లేచాక రోడ్డు వెడల్పు చేయడం కష్టం, కొట్టేసిన చెట్టును తిరిగి తేవడం అంతకంటే కష్టం. నేడు నాటిన మొక్క దారికంతా నీడనిచ్చే చెట్టు కావడానికి పది, పన్నెండేళ్లు పడుతుంది. ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల బడి చదువంతా పూర్తి చేసే కాలం అది. అందుకే ఉన్న చెట్టును నిలుపుకోవడం ఆ పిల్ల కోసం, కొత్త మొక్క నాటడం ఆమె తర్వాత ఆ దారిన నడిచేవారి కోసం. మంచి కాలనీకి రెండూ కావాలి.